విశ్వాసం కావాలట!

పనివాళ్లకు విశ్వాసం లేదని మా బట్టల దుకాణం యజమాని రోజూ సణుగుడు. పొద్దున పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. రాత్రి కుప్పపడిన చీరలన్నీ మడతపెట్టి షట్టరు దించే సమయానికి మాత్రం లెక్కాపత్రం ఉండదు. జీతం ఏడో తేదీ దాటకూడదని 1936లోనే చట్టం చేశారు. మాకు ఇరవయ్యో తేదీకైనా అందితే అదృష్టం. కేరళలో 2018లోనే దుకాణాల సిబ్బందికి కూర్చునే హక్కు వచ్చింది. ఇక్కడున్న ఒక్క స్టూలు మీద ఆయనగారి టిఫిన్ క్యారియర్ కూర్చుంటుంది! విజయనగరమంతా పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి కదిలినా మాకు సెలవు లేదు. పక్క దుకాణంలో ఒకటో తేదీకే జీతమట, వెళ్తానంటే "తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?" అన్నారు. ముందు తిననివ్వండి మహాప్రభో!