బుల్లి పార్టీతో బేరం

ఇల్లు కొనే పార్టీ ఫోన్ చెయ్యగానే ఒడిశా బరంపురంలో ఇళ్ళ ఏజెంటు బడ్జెట్టెంత, లోనుందా, ఎన్ని గదులు కావాలి అని అడుగుతాడు. పిల్లలెంతమంది, ఏ వయసువాళ్ళు అని మాత్రం అడగడు. అడక్కపోతే ఇదిగో, ఇలా ఉంటుంది.

శ్రావణమాసం, ఆదివారం, మధ్యాహ్నం 2 గంటలు. అంబపువా వైపు కొత్త డాబా ఇంటి ముందు ఆటో ఆగుతుంది. నాన్న, అమ్మ, నానమ్మ, నాలుగో క్లాసు బాబు, నిద్రకి ఏడుస్తున్న మూడేళ్ళ పాప దిగుతారు. ఆ వేళకి రమ్మనడమే తప్పు. తల్లి వంటగది చూడదు, పిల్లనే చూస్తుంది. పొద్దున్న పదింటికో సాయంత్రం నాలుగున్నరకో అయితే ఇంట్లో వెలుతురూ ఉంటుంది, పిల్లల కడుపులో ఏదో ఒకటీ ఉంటుంది.

ఏడుపు ఆపడానికి ఏజెంటు, తల్లినైనా అడక్కుండా, చాక్లెట్ తీసి ఇస్తాడు. ఉక్కకి జేబులోనే సగం కరిగిన ఆ చాక్లెట్, పుట్టీ పెట్టి తెల్లరంగేసిన హాలు గోడమీద అయిదు వేళ్ళుగా వెలుస్తుంది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే ఇంకాస్త పరుచుకుంటుంది. ఇవ్వాలనే ఉంటే తల్లిని అడిగి మరమరాల పొట్లం ఇవ్వండి. గోడకి అంటవు, రాలినా చీపురుకొస్తాయి.

ఈలోగా బాబు బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. వానాకాలం కదా, చెక్క ఉబ్బి గడియ రంధ్రానికి సూటిగా లేదు. ఏజెంటు భుజం పెట్టి తోసేకొద్దీ ఇంకా బిగుస్తోంది. తోపు ఆపి, తలుపుని తనవైపు లాగిపట్టి, సన్నగా కదుపుతూ లోపలివాణ్ణి గడియ లాగమనాలి. అసలు అరగంట ముందే వచ్చి బాత్రూము తలుపుల కింద మడతపెట్టిన గోనెగుడ్డ కుక్కి, సంపు మూత సరిగ్గా వేసి, పిట్టగోడ లేవని మేడమెట్లకి తాళం పెట్టుకుంటే ఈ కుస్తీ ఉండేది కాదు.

"ఒరే, బెంగెట్టుకోకు, దాహమేస్తే కుళాయి తిప్పుకో!" అంది నానమ్మ.

"నీళ్ళు రావట్లేదే నానమ్మా!"

ఇరవైనాలుగు గంటలూ నీళ్ళండి అని ఏజెంటు అప్పుడే చెప్పి ఉన్నాడు. పార్టీ వచ్చేముందు ట్యాంకు నింపుకోవాలని వేరే చెప్పాలా?

బయటపడ్డ బాబుకి 5 మీటర్ల టేపు ఇచ్చి, నీ గది నువ్వే కొలుచుకో అన్నాడు. పిల్లవాడికి పని చెప్పడం మంచి ఆలోచనే. తను ముందుగా కొలిచి ఉంటే ఇంకా మంచిది. 10 అడుగులన్న గది 9 అడుగుల 4 అంగుళాలు తేలింది. చెప్పింది గోడ నడిమి నుంచి గోడ నడిమికి వేసిన ప్లాను లెక్క. మంచం గోడ నడిమిలో పట్టదుగా!

ఇక పట్టా బయటికొచ్చింది. అది ఒడియాలో ఉంది. తెలుగింటి పెద్దవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, బళ్ళో ఒడియా చదివే బాబు టకటకా చదివేశాడు. విస్తీర్ణం 0.080 ఎకరం. ఏజెంటు చెప్పిన 2 గుంఠాలకి సరిపోయింది. (ఒడిశాలో ఎకరానికి 25 గుంఠాలు. తెలంగాణ లెక్కలో 40 అనుకునే చుట్టాన్ని సలహాకి తెచ్చుకుంటే బేరం అక్కడే ఆగిపోతుంది.)

"కిసమ్... శారద."

"శారదెవుర్రా? ఓనరు గారి ఆవిడేటి?" అంది నానమ్మ.

ఏజెంటు గొంతు తడారిపోయింది. కిసమ్ అంటే నేల రకం, శారద అంటే వరిపొలం. ఇల్లున్న నేలకి కిసమ్ ఘరబారి, అంటే ఇంటిస్థలం అని ఉండాలి, లేకపోతే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి. అమ్మకానికి పెట్టకముందే కానిచ్చుకోవలసిన పని ఇది. నాలుగో క్లాసువాడి నోట వినాల్సినది కాదు.

"అది మార్పించాక కబురు చెయ్యండి" అని నాన్న ఆటో ఎక్కాడు. ఏజెంటు మర్యాదగా చెయ్యి ఊపాడు. టేపు బాబు జేబులో ఉండిపోయిందని ఆటో మలుపు తిరిగాక గాని తెలియలేదు.