మన ఇంట్లో సందడి, పక్కింట్లో గోల

పెళ్ళి మన ఇంట్లో అయితే సందడి, పక్కింట్లో అయితే గోల. డీజే అదే, పాట అదే, వాల్యూమూ అదే. అనువాదాలు చేసే నా మిత్రుడొకడు ఇంగ్లీషు ‘నాయిస్’కి తెలుగులో సరిపోయే ఒక్క మాట లేదని ఎప్పుడూ విసుక్కుంటాడు. నాకది లోటుగా అనిపించదు. చప్పుడు, సద్దు, రొద, హోరు, మోత, గోల, రభస, సందడి, ఇక్కడ మన హైదరాబాద్‌లో లొల్లి, ఇన్నింట్లో ఏది వాడాడో చూస్తే చాలు, ఆ మనిషి ఎక్కడ నిలబడి విన్నాడో చెప్పేయొచ్చు. అటుపక్క చూస్తే మౌనం వేరు, నిశ్శబ్దం వేరు. మౌనం మనిషిది, నిశ్శబ్దం చోటుది. ఒకటి పాటిస్తాం, ఇంకొకటి దానంతటదే కమ్ముకుంటుంది. ఇంగ్లీషులో రెండూ ‘సైలెన్స్’ ఖాతాలోనే పడతాయి.

ఈ మాటల పిచ్చి నాకు పట్టింది మొన్నటి మాఘమాసం ముహూర్తాల్లో. నల్లకుంటలో మా ఫ్లాట్ వెనకాలే ఒక ఫంక్షన్ హాల్ ఉంది. రాత్రి పదకొండు దాటింది, బరాత్ ఇంకా గేటు దగ్గరే తిరుగుతోంది, బేస్ కొట్టినప్పుడల్లా మా వంటింట్లో గ్లాసుల స్టాండు సన్నగా గలగలమంటోంది. నా చేతిలో ఉన్నది, నమ్మండి, నిశ్శబ్దం గురించిన పుస్తకమే. రోజూ పొద్దున్నే అరగంట ఏ చప్పుడూ లేకుండా కూర్చోండి, జీవితం మారిపోతుంది అనే రకం. ఆ రచయిత ఎక్కడ కూర్చుని రాశాడో గానీ, ఆయన వెనకాల ఫంక్షన్ హాల్ మాత్రం లేదు. 100కి ఫోన్ చేశాను. కానిస్టేబుల్ వచ్చాడు, వాల్యూమ్ తగ్గింది, ఆయన బండి సందు మలుపు తిరిగింది, వాల్యూమ్ పెరిగింది. రెండోసారి వచ్చినప్పుడు ‘అయిపోవచ్చింది సార్, ఇంకో పది నిమిషాలు’ అన్నాడు, అచ్చం పెళ్ళివారి తరఫు మనిషిలా.

రూల్ కాగితం మీద గట్టిగానే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర సైలెన్స్ జోన్, అక్కడ 50, 40. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు, పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. అంటే 45 ఉండాల్సిన చోట 75 ఉంటే వెయ్యి రెట్లన్నమాట. 2024 అక్టోబరులో సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. పెళ్ళి బరాత్ మతపరమైన ఊరేగింపు కిందికి వస్తుందా రాదా అని ఆ రాత్రి నేను ఎవరినీ అడగలేదు, అడిగే ఓపిక లేదు.

నిద్ర ఎలాగూ రాదు కదా అని, అల్మరాలోంచి పేరులో నిశ్శబ్దమో చప్పుడో ఉన్న పుస్తకాలన్నీ తీసి మంచం మీద పరిచాను. చాలావరకు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ సరుకే. ఒకటి పురుగుమందుల మీద, ఒకటి దేశవిభజన మీద, ఒకటి సంగీతం మీద, ఒకటి జడ్జిలూ డాక్టర్లూ తీసుకునే నిర్ణయాల మీద, ఇంకొకటి నలుగురిలో నోరు విప్పని మనుషుల మీద. పేర్లు చూస్తే అన్నదమ్ముల పిల్లల్లా ఉన్నాయి, సబ్జెక్టులు చూస్తే ఒకదానికొకటి ముఖపరిచయం కూడా లేదు. వారం రోజులు వాటిని తిరగేశాక నాకు తేలింది ఒక్కటే. నిశ్శబ్దాన్ని టానిక్‌లా అమ్మేవి కొన్ని, నిశ్శబ్దాన్ని ఆనవాలుగా పట్టుకుని ఆరా తీసేవి కొన్ని. నా దృష్టిలో ఆ రెండో రకమే పుస్తకాలు, మొదటివి రిసార్ట్ బ్రోచర్లు.

అమెరికా జీవశాస్త్రవేత్త రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962లో వచ్చింది. పేరు వింటే ఏదో ప్రకృతి కవిత్వం అనుకుంటాం, చదివితే కేసు డైరీలా ఉంటుంది. మొదట్లో ఒక ఊహా పట్టణం. వసంతం వచ్చింది, పిట్టలు కూయలేదు. ఇక పుస్తకమంతా ఎందుకు కూయలేదో చెప్పడమే. ఎల్మ్ చెట్లకి తెగులు వస్తోందని డీడీటీ అనే పురుగుమందు కొట్టారు, ఆకులు రాలాయి, రాలిన ఆకుల్ని వానపాములు తిన్నాయి, వానపాముల్ని రాబిన్ పిట్టలు తిన్నాయి. మందు కొట్టింది ఒక ఏడాది, పిట్టలు రాలిపోయింది మరుసటి వసంతంలో. కంటికి కనబడని విషం సంగతి ముందు చెవికి తెలిసింది. ఆమెను ఈ పనికి పురిగొల్పిన వాటిలో 1958లో ఒక స్నేహితురాలి నుంచి వచ్చిన ఉత్తరం కూడా ఉంది, విమానంతో మందు చల్లాక తమ చోట పక్షులు చచ్చిపడ్డాయని. రసాయన కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. కార్సన్ 1964లో క్యాన్సర్‌తో పోయింది, పంటల మీద డీడీటీ వాడకాన్ని అమెరికా నిషేధించింది 1972లో.

మన దగ్గర 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు, కూలిన చెట్ల ఫోటోలకి దీటుగా ఫోన్లలో తిరిగింది చీకట్లో నెమళ్ళ అరుపులు. మా వాట్సాప్ గ్రూపులో ఎన్నడూ చెట్టు గురించి మాట్లాడని వాళ్ళు కూడా అవి విని కదిలిపోయారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఈలోగా, ప్రచారంలో ఉన్న వీడియోల్లో ఏఐతో చేసిన నకిలీలున్నాయని ప్రభుత్వం అంది. ఉంటే ఉండొచ్చు. కానీ చర్చ ఎక్కడికి జారిపోయిందో చూడండి, అడవి పోతోందా అన్నది పక్కకెళ్ళి, ఆ నెమలి నిజంగా అరిచిందా అన్న దగ్గర ఆగింది. చప్పుడుని సాక్ష్యంగా పెడితే కల్పించారని అనొచ్చు. చప్పుడు లేకపోవడాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే మాత్రం ఏటా వెళ్ళి పిట్టల్ని లెక్కపెట్టిన మనిషొకడు ఉండాలి. కార్సన్‌కి అలా లెక్కలు రాసిన శాస్త్రవేత్తలూ, పెరట్లో పిట్టల్ని చూసుకునే మామూలు మనుషులూ దొరికారు. మన సిటీలో ఏ చెరువుకి ఏ పిట్ట ఎప్పటినుంచి రావడం మానేసిందో రాసిపెట్టేవాళ్ళు, పక్షుల్ని చూడటానికి తెల్లారకముందే బయల్దేరే కొద్దిమంది తప్ప, ఎవరున్నారు?

మనుషుల మౌనం దగ్గరికొస్తే పని ఇంకా కష్టం. విభజనలో ఆడవాళ్ళు పడ్డ పాట్ల మీద ఉర్వశీ బుటాలియా రాసిన ‘ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్’ 1998లో వచ్చి బాగా పేరు తెచ్చుకుంది. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1986లో, ఇదే హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. పేరులో మౌనం అన్న మాట లేదు గానీ నా దొంతరలో పైన పెట్టింది దాన్నే. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే ఎక్కించారు. పోరాటం 1951లో విరమించాక నాయకుల్లో కొందరు చట్టసభలకు వెళ్ళారు, తుపాకీ పట్టిన ఆడవాళ్ళలో చాలామంది మళ్ళీ వంటింటికి వెళ్ళారు. వాళ్ళేం అనుకున్నారో ముప్పై ఏళ్ళకు పైగా ఎవరూ పట్టించుకోలేదు.

అందులో కమలమ్మ కథ ఒక్కటి చదివి పుస్తకం మూసేసిన వాళ్ళు నాకు తెలుసు. దళంలో ఉండగా పుట్టిన బిడ్డను వేరేవాళ్ళకి ఇచ్చేయాల్సి వచ్చిందామెకు. అడవిలో దాక్కున్న దళానికి పసిబిడ్డ ఏడుపు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. నిశ్శబ్దం గురించి ధ్యానం పుస్తకాలు రాసేవాళ్ళు ఒక్కసారి ఆ పేజీలు చదివితే బాగుంటుంది. సంస్కృతంలో ‘మౌనం సమ్మతి లక్షణం’ అన్నారు, అంటే నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే. మనవాళ్ళు దాన్ని ‘మౌనం అర్ధాంగీకారం’ అని సగానికి తగ్గించారు, అంతవరకు నయమే, కానీ మిగతా సగంలో ఏముందని మాత్రం అడగలేదు. ఈ పుస్తకం చేసింది ఆ అడగడమే. (ఇది ఇప్పుడు ఎక్కడైనా కనబడితే రేటు బేరం ఆడకుండా కొనేయండి, నా కాపీ అరువిచ్చి పోగొట్టుకుని రెండోసారి కొన్నాను.)

ఇక నాయిస్ వైపు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో పనిచేసిన క్లాడ్ షానన్, సందేశాలు పంపడం వెనకున్న లెక్కల మీద 1948లో రాసిన వ్యాసం మీదే ఇవాళ్టి మన ఫోన్లన్నీ నిలబడి ఉన్నాయి. ఆ లెక్కలు నాకు సగం కూడా ఎక్కవు. అసలు సంగతి నాకు అర్థమైంది గోల్కొండలో. పోయిన డిసెంబరులో మా మేనకోడలు సెలవులకొచ్చిందని ఒక ఆదివారం అందరం వెళ్ళాం. ప్రవేశ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన పైన బాలా హిస్సార్ దగ్గర వినబడుతుందని ప్రతి గైడూ చెబుతాడు. బావగారు మోకాళ్ళ నొప్పులని కిందే ఉండిపోయారు, నేనూ పిల్లా పైకెక్కాం. వినబడింది, నిజంగానే. కాకపోతే ఆదివారం కదా, గుమ్మటం కింద ఉన్న ప్రతివాడూ కొడుతున్నాడు, టపటపా వాన పడ్డట్టు. ‘మావయ్యా, ఇందులో నాన్నది ఏది?’ అంది పిల్ల. చివరికి ఫోన్ చేసి, రెండు కొట్టి ఆగి ఒకటి కొట్టండి, అలా నాలుగైదు సార్లు చేయండి అని చెప్పాను. మూడోసారికి దొరికింది. షానన్ చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. దారిలో కలిసే రొదని పూర్తిగా ఆపలేం, మాటని ఒక క్రమంలో అల్లి, కొంత మళ్ళీ మళ్ళీ చెప్పి, రొద దాటించాలి. మిగతా వాళ్ళ చప్పట్లు ఆ పూట మాకు నాయిస్, వాళ్ళకి మాది నాయిస్. మళ్ళీ సందడి, గోల సంగతికే వచ్చాం.

మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ ఇంకో ఇద్దరితో కలిసి 2021లో రాసిన ‘నాయిస్’లో అసలు శబ్దమే ఉండదు. ఒకే కేసుకి ఇద్దరు జడ్జిలు రెండు రకాల శిక్ష వేయడం, ఒకే ఎక్స్‌రే చూసి ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం, దాన్ని వాళ్ళు నాయిస్ అంటారు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఒకే ఫైలు ఇచ్చి వేర్వేరు ఉద్యోగుల్ని ప్రీమియం ఎంతో లెక్కకట్టమంటే, తేడా పది శాతం ఉంటుందని పైవాళ్ళు అనుకున్నారట, తీరా చూస్తే 55 శాతం. నాకు ఆశ్చర్యం వేయలేదు. డిగ్రీలో ఒక పేపర్‌కి 28 మార్కులొచ్చి తప్పి, రీవాల్యుయేషన్‌కి డబ్బు కడితే అదే పేపర్‌కి 47 వచ్చిన వాణ్ణి. మంచి పుస్తకమే గానీ సాగదీశారు, నూరు పేజీల్లో అయిపోయే మాట. పైగా, తీర్పుల్లో తేడాలు తగ్గించడానికి రూల్స్, అల్గారిథమ్స్ అని వాళ్ళు ఎంత జాగ్రత్తగా చెప్పినా నా భయం నాది. అందరి పేపర్లకీ అదే కొలతతో 28 వేసే మెషీన్ వస్తే నాయిస్ ఉండదు, నేనూ పాసవను.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. సుజాన్ కెయిన్ ‘క్వయట్’ (2012) మీటింగుల్లో గట్టిగా మాట్లాడేవాడిదే రాజ్యమని వాపోతుంది, కంచు మోగినట్టు కనకం మోగదని వేమన దగ్గర విన్న జాతికి అందులో కొత్తేమీ లేదు. జాన్ కేజ్ 1952లో ఒక సంగీత రచన చేశాడు, 4 నిమిషాల 33 సెకన్లు పియానో మీద వేలు పడదు, హాల్లో దగ్గులూ బయట గాలీ వినాలి. ఆయన పుస్తకం ‘సైలెన్స్’ 1961లో వచ్చింది. చదవడం నాకు సరదాగానే ఉంది, కాకపోతే చప్పుడుని సంగీతంలా వినండి అని హైదరాబాద్‌కి ఒకరు వచ్చి చెప్పాలా? ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులో పనిచేసిన సిద్దీల బస్తీ. వాళ్ళూ, బార్కస్ అరబ్బులూ కలిసి ఈ ఊరికి అలవాటు చేసిన మర్ఫా డప్పుల మోతకి కాలు కదపని బరాత్ ఒకప్పుడు లేదు. డీజేలొచ్చాక వాళ్ళకి పిలుపులు తగ్గాయి. మా వెనక ఫంక్షన్ హాల్లో మర్ఫా కొట్టి ఉంటే నేను 100కి చేసేవాణ్ణా? చేసేవాణ్ణేమో. కిటికీలోంచి ఓ పావుగంట చూసి చేసేవాణ్ణి.

ఇందులో సగం చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని రాశాను. పక్కనే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ఆ రోజు ఏదో సినిమా రిలీజ్, తీన్మార్ దెబ్బ కిటికీల దాకా వస్తోంది. లోపల వందలమంది గ్రూప్స్ పిల్లలు, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా కాళ్ళ దగ్గర, ముందర కరెంట్ అఫైర్స్ నోట్సు. ఫ్యాన్ కిర్రుమన్నప్పుడు తప్ప ఎవరూ తలెత్తరు. దీన్ని మౌనం అనాలా, నిశ్శబ్దం అనాలా అని చూస్తూ కూర్చున్నాను. ఎవరిదో ఫోన్ చెక్క బెంచీ మీద బర్ర్‌మంది. నోటిఫికేషన్ అనుకున్నారేమో, ఆ వరుసలో నలుగురైదుగురు ఒక్కసారే ఎవరి జేబు వాళ్ళు తడుముకున్నారు. ఒకమ్మాయి స్క్రీన్ చూసి, ఏమీ లేదన్నట్టు పక్కమ్మాయికి తల అడ్డంగా ఊపి, మళ్ళీ పేజీలోకి వంగింది.