సవరణ: పెన్నలో దిగితే కర్ర ఎటు పట్టాలి

మొన్న నెల్లూరు జిల్లా సంగం ఊరి దగ్గర పెన్నలో చేపలు పట్టడం గురించి రాస్తూ ‘ప్రవాహానికి వీపు పెట్టి, కర్ర దిగువన ఆనించి నడవండి’ అన్నాను. తప్పు. వెనకనుంచి నీళ్లు తోస్తే మోకాళ్లు మడత పడతాయి. ఎగువకు ముఖం పెట్టి, కర్ర కూడా ఎగువనే ఆనించి, పక్కకి ఒక్కో అడుగే జరపాలి. రెండు కాళ్లు, కర్ర, ఈ మూడింటిలో ఎప్పుడూ రెండు నేలమీదే ఉండాలి. ముందు కర్రతో పొడిచి చూడండి, ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు. ఉరవడిలో మోకాలు దాటితే వెనక్కి వచ్చేయండి. (మా బావ ఒప్పుకోడు, ఆయనకు ఈతొచ్చు మరి.)

ఇంకోటి మరిచాను: ఎగువన సోమశిల డ్యాం గేట్లు ఎత్తితే ఇక్కడ వాన లేకున్నా నీళ్లు పెరుగుతాయి. నీళ్లు మట్టిరంగుకు తిరిగి పుల్లలు కొట్టుకొస్తుంటే వల లాగేసుకుని ఒడ్డెక్కండి.