అల్లుడు విరగ్గొట్టిన పాలు

మొన్న శనివారం మా కాలనీ క్రిస్మస్ విందులో జరిగిన సంగతి మరెవరో మీ చెవిన వేయకముందే నేనే చెప్పేస్తాను. ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటాం. ఇళ్లన్నీ ఒకటే రంగు. ఆ రంగు మార్చాలంటే కాలనీ సంఘం అనుమతి కావాలి. దీపావళికి గుమ్మానికి కట్టిన దీపాల తోరణం నాలుగు రోజులు ఎక్కువ ఉంటే నోటీసు పంపుతారు. అదే తోరణాన్ని క్రిస్మస్ దీపాలని అన్నామంటే ఫిబ్రవరి దాకా పలకరించే నాథుడుండడు.

ఈ ఏడు ఆ సంఘానికి పాతకాలపు విందు చేయాలని బుద్ధి పుట్టింది. ఇంటికొకరు చొప్పున వందేళ్లు దాటిన పండగ పానీయం చేసి తేవాలట. దానికొక పట్టిక, పట్టికకొక అధ్యక్షురాలు. అది నా దాకా వచ్చేసరికి పరువైనవన్నీ చెల్లిపోయాయి. 1732లో ఇక్కడి స్కూల్‌కిల్ నది ఒడ్డున పెట్టిన చేపల వేట క్లబ్బు వారి ఫిష్ హౌస్ పంచ్, రమ్ము, కోన్యాక్, పీచు బ్రాందీ కలిసేది, ఎదురింటాయన రాసేసుకున్నాడు. పాలు, గుడ్లు గిలక్కొట్టి చేసే ఎగ్‌నాగ్‌ను సంఘమే పట్టికలోంచి తీసేసింది. 1826 క్రిస్మస్‌కి వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో కుర్రాళ్లు దొంగచాటుగా విస్కీ తెచ్చి ఎగ్‌నాగ్ చేసుకుని, తాగి, కిటికీలు పగలగొట్టి పెద్ద గలాటా చేశారు. సంఘానికి ఆ చరిత్రతో పేచీ లేదు. పచ్చి గుడ్లతోనే పేచీ. నిప్పంటించి వెలిగించే పంచ్‌లు కూడా వద్దన్నారు, బీమా కారణాల వల్ల.

మిగిలింది పాల పంచ్. 1763 అక్టోబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, వంద డాలర్ల నోటు మీద మన ఖర్చులన్నీ తెలిసినట్టు చూసే ఆ పెద్దాయనే, జేమ్స్ బౌడిన్ అనే మిత్రుడికి దీని తయారీ రాసి పంపాడు. మన ఊరాయనే కదా అని ఒప్పుకున్నాను. ఆరు క్వార్టుల బ్రాందీ తీసుకోవాలి, క్వార్టంటే లీటరుకు కాస్త తక్కువ. 44 నిమ్మకాయల తొక్కలు పలచగా చెక్కి అందులో ఒక రోజంతా నానబెట్టాలి. నలభై అయిదో నిమ్మకాయ చేసిన పాపమేమిటో రాయలేదు. తరువాత నీళ్లు, నిమ్మరసం, పంచదార, నాలుగు పెద్ద జాజికాయల పొడి. ఆఖరున మూడు క్వార్టుల పాలు కాచి, పొయ్యి మీద నుంచి దించిన వేడి మీదే అందులో పోసి కలపాలి. నేను అన్నిటినీ ఆరో వంతుకు దించాను. అయినా బ్రాందీ లీటరుకు కాస్త తక్కువ పట్టింది.

నిమ్మరసంలో వేడి పాలు పోస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. అలా అవడమే ఇక్కడ కావలసింది. విరిగిన పాల ముద్ద బ్రాందీలోని రంగునూ వగరునూ తనలోకి లాక్కుంటుంది. రెండు గంటలు ఆగి వడకడితే తేట కిందికి దిగుతుంది. మొదట దిగినది మసకగానే ఉంటుంది. దాన్ని మళ్లీ ఆ ముద్ద మీదే పోయాలి, మళ్లీ దిగనివ్వాలి. ముద్దే జల్లెడ. అద్దంలాంటి తేట వచ్చేదాకా కదపకూడదు, నొక్కకూడదు, ముఖ్యంగా పిండకూడదు. ఓపిక ఉంటే చాలు, నెలల తరబడి నిలవ ఉండే పానీయం.

అయితే నడుస్తున్నది ధనుర్మాసం. అత్తయ్యగారు, మామయ్యగారు ఇండియా నుంచి వచ్చి వారమైంది. ఇంట్లో పాలు విరిగితే ప్రయాణాలు వాయిదా వేసుకునే కుటుంబం. అందుకని అందరూ పడుకున్నాక మొదలుపెట్టాను. ఫ్రాంక్లిన్ గారు జెల్లీ సంచిలో, అంటే పళ్లరసం వడకట్టే గుడ్డ సంచిలో, వడకట్టమన్నారు. బజారులో కొన్న వడకట్టు గుడ్డలో నుంచి దోమలు కూడా దర్జాగా దూరిపోతాయి. మా ఆవిడ చున్నీల మీద చేయి వేసే ధైర్యం లేదు. దొరికింది దసరాకు మామయ్యగారు పెట్టిన పంచెల చాపులోని ఉత్తరీయం. మెత్తటి నూలు, సన్నటి జరీ అంచు, ఇంకా మడత విప్పలేదు. నాలుగు చెంగులూ అల్మారా పిడులకు కట్టి, కింద పెద్ద గిన్నె పెట్టి, లైటు తగ్గించి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చుక్క, చుక్క. రెండోసారి పోసినది కాస్త తేరుకుంటోంది. మూడో విడతకు గిన్నె అడుగున ఉన్న కంపెనీ ముద్ర చదవగలిగాను. ఆ సంతోషంలో వెనక అడుగుల చప్పుడు వినలేదు.

"పాలు విరిగాయా బాబూ?"

మామయ్యగారు. రాత్రి రెండు గంటలు. ఆయన ఒళ్లు ఇంకా తెనాలి గడియారం ప్రకారమే నడుస్తోంది. తలకు మఫ్లరు, చేతిలో వేడినీళ్ల కోసం గ్లాసు. ఇక్కడ దిగిన దగ్గర నుంచీ జలుబుతో ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. అంత బ్రాందీ వాసనలో నిలబడి కూడా ఆయన అడిగింది పాల గురించే కావడానికి కారణం ఆ జలుబే.

"అవునండీ."

"ఎన్ని?"

"అర లీటరేనండీ."

ఆయన గిన్నెలోకి తొంగిచూశారు. అందులో రెండు లీటర్ల పైన తేట ఉంది. "అర లీటరు పాలకు ఇన్ని నీళ్లా!" అని నిట్టూర్చారు. "ఈ దేశంలోనూ పాలవాళ్లు ఇంతేనన్నమాట."

ఏం చెప్పమంటారు? అందులో లీటరు దాకా బ్రాందీ అని చెప్పడం కన్నా ఒక దేశం పాడి పరిశ్రమ మొత్తాన్ని అవమానపడనివ్వడమే తేలికనిపించింది.

మామయ్యగారు ముప్పై ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. కానీ ఆయన్ని ఎవరైనా మేష్టారంటే తలాడిస్తారు, పాడి గురించి అడిగితేనే కళ్లు మెరుస్తాయి. ఇంట్లో గేదెలు లేని రోజు ఎరగరు. అలాంటి మనిషి ముందు విరిగిన పాలు చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఊరుకుంటారా?

"ఇలా అయితే తెల్లారుతుంది. కాస్త జరగండి."

"వద్దండీ మామయ్యగారూ, దానంతట అదే..."

"ఇందులో సిగ్గేముంది బాబూ. కొత్తలో అందరికీ విరుగుతాయి."

మఫ్లరు తీసి కుర్చీకి వేశారు. చేతులు కడుక్కున్నారు, మోచేతుల దాకా. ముడులు ఒక్కొక్కటే విప్పి నాలుగు చెంగులూ ఒక గుప్పిట్లోకి తెచ్చారు. అప్పుడు జరీ అంచు ఆయన వేళ్ల మధ్యకు వచ్చింది. బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమారు. నా వైపు చూశారు. ఏమీ అనలేదు. తరువాత మెలిపెట్టారు.

పితికి పితికి గట్టిపడిన చేతులవి. మొదటి మెలికకు ముద్ద బంతి అయింది. రెండో మెలికకు నా తేటలోకి తెల్లటి ధార దిగింది. మూడో మెలిక పెట్టేటప్పుడు చిన్నగా మూలిగారు కూడా, పని పట్ల అంత నిజాయితీ. నాలుగో మెలికకు గుడ్డలో తడి మిగలలేదు, గిన్నెలో తేట మిగలలేదు. అద్దంలా ఉన్నది కాస్తా కుడితిలా తయారైంది. "చూశారా, రెండు నిమిషాల పని" అన్నారు.

ముద్దను పారేయబోతుంటే చేయి పట్టుకుని ఆపారు. పాడిని పారేయడం ఆయన చూడలేరు. గిన్నెలోకి తీసుకుని, చెంచా వేసి, నిలబడే తిన్నారు. "పంచదార ముందే వేశారా? జాజికాయ కూడా! పుల్లపుల్లగా భలే ఉంది." ఇంకో చెంచా. "గొంతులో వెచ్చగా దిగుతోంది బాబూ. ముక్కు విడుతోంది." ఆ తరువాత 1977 తుపానులో ఇంటి చూరు పట్టుకుని నిలబడిన కథ మొదలుపెట్టారు. సాధారణంగా రెండు ముక్కల్లో తేల్చేసే కథ అది. ఆ రాత్రి అందులోకి గేదెలు, తాటిచెట్లు, నాకు తెలియని ఒక మేనత్త కూడా వచ్చారు. జన్మలో మద్యం ముట్టని మనిషి. ధనుర్మాసం. తెల్లవారుజామున అత్తయ్యగారు పూజకు పిలిస్తే లేవలేదు. జలుబు మందు మహిమ అనుకున్నారు ఆవిడ.

మళ్లీ చేసే వ్యవధి లేదు. ఆ కుడితినే గాజు గిన్నెలో పోసుకుని విందుకు వెళ్లాం. అధ్యక్షురాలు పట్టిక చూసింది, పేరులో పాలు ఉన్నాయి కాబట్టి గిన్నెను తీసుకెళ్లి పిల్లల బల్ల మీద పెట్టింది. నేను పరుగెత్తి వెనక్కి తెచ్చాను. ఆమె మళ్లీ పెట్టింది. బ్రాందీ అని చెబితే "మరి పట్టికలో పాలు అని ఎందుకు రాశారు" అని అడిగింది. ఫ్రాంక్లిన్‌ను అడగమన్నాను. ఆయన ఏ వీధిలో ఉంటారని అడుగుతుందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను.

చివరికి పెద్దల బల్ల మీద చోటు దొరికింది. ఇద్దరు ముగ్గురు గరిట ఎత్తారు కూడా. అంతలో మామయ్యగారు అటు వచ్చారు. ఎవరో మర్యాదకు, ఇదేమిటండీ అని అడిగారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన ఇంగ్లీషులో, హాలు చివరిదాకా వినపడేట్టు, ఒక్క అక్షరం మింగకుండా ఆయన వివరించారు. ఇది మా అల్లుడు విరగ్గొట్టిన పాల నీళ్లు, నేనే స్వయంగా పిండాను, మా ఊళ్లో దీన్ని గేదెలకు పోస్తాం, బాగా ఒంటపడుతుంది.

గరిటలు కిందికి దిగాయి.

బహుమతి ఎదురింటాయనకు వచ్చింది. ఆయన ఫిష్ హౌస్ పంచ్ ధర చీటీ ఉన్న సీసాలోంచే గిన్నెలోకి దిగడం నేను కళ్లారా చూశాను. పట్టికలో సీసా అనే గడి లేదు కదా, అడిగేవారెవరు?

భోగినాడు పంచెల చాపు కట్టుకుని పూజలో కూర్చోవాలట, ఉత్తరీయంతో సహా. మామయ్యగారి ఆజ్ఞ. ఎన్నిసార్లు ఉతికినా దాని వాసన పోవడం లేదు. జాజికాయ వాసనే అంటోంది మా ఆవిడ.