సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో, నిర్ణయం నాదా?

ఉండాలా, పోవాలా అని నెల రోజులు నలిగిపోయాను. ఇప్పుడొక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది, ముఖ్యంగా ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పే మావాళ్లకు. ఉద్యోగం మారాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు కాలేజీవాళ్లు పెట్టుకున్న మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంటికి తెచ్చుకోండి.

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నా. జీతం 31 వేలు. బెంగళూరులో ఒక కోచింగ్ సెంటర్ నుంచి 48 వేలకు పిలుపొచ్చింది. విన్నవాళ్లంతా ఇంకేం ఆలోచన, పో అన్నారు. అక్కడి అద్దె, అడ్వాన్సు, పాప స్కూలు ఫీజు, వారం వారం వచ్చిపోయే బస్సు ఛార్జీలు తీసేస్తే మిగిలేది నాలుగైదు వేలు. ఆ లెక్క రాత్రిళ్లు ఎన్నిసార్లు వేసుకున్నానో. చివరికి తెలిసిందేమిటంటే, నన్ను ఆపుతున్నది ఆ లెక్క కాదు, భయం.

చేరిన రోజు వెరిఫికేషన్ అని చెప్పి టెన్త్ మెమో నుంచి ఎమ్మెస్సీ పట్టా దాకా తీసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు. మూడేళ్ల కిందట మా కెమిస్ట్రీ సార్‌కు డిసెంబరులో వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. సంవత్సరం మధ్యలో పోతే ఎలా అంటూ ఆయన సర్టిఫికెట్లు వేసవి దాకా ఇవ్వలేదు. అవతలివాళ్లు అంతవరకు ఆగుతారా? ఆయన మళ్లీ వచ్చి మా స్టాఫ్‌రూమ్‌లోనే కూర్చున్నాడు. ఆ తర్వాత మాలో ఎవరూ పోయే మాట పైకి ఎత్తలేదు. మా దగ్గర లెక్చరర్లు మారరు అని అడ్మిషన్ల పాంప్లెట్‌లో వేసుకున్నారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఈ సంగతి ఇన్నేళ్లూ మా నాయనకు చెప్పలేదు. ఆయనది కూడేరు దగ్గర మెట్ట సేద్యం, ఏటా శెనక్కాయే. మొన్న చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నా పొలం పాస్‌బుక్కు బ్యాంకులో పెడితే క్రాప్ లోనన్నా ఇస్తారు. నీవి పెట్టుకొని వాళ్లు నీకేమిచ్చినారు రా?"

నిద్ర పట్టలేదు ఆ రాత్రి.

ఉండిపోవడానికి నా దగ్గర నిజమైన కారణం ఉంది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పల్లె పిల్లలు ఇంగ్లిష్ ఫిజిక్స్ పుస్తకం చూసి బిక్కమొహం వేస్తారు. టార్క్ (తిప్పే బలం) అంటే ఏమిటో తలుపు దగ్గర నిలబెట్టి, గడియ దగ్గర ఒకసారి, బందుల దగ్గర ఒకసారి నెట్టమంటాను. అర్థమైన క్షణంలో వాళ్ల ముఖం మారిపోతుంది. దానికోసం తక్కువ జీతానికైనా ఉంటాను. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఎర్రటి ఎండలో ఊరూరా తిరిగి అడ్మిషన్లు తేవాలి, టార్గెట్ రాకపోతే జీతం ఆపుతారు. ఎందుకని అడిగితే 'మన పిల్లల కోసమే కదా సార్' అంటారు. పిల్లల మీద నాకున్న ప్రేమను వాళ్లు జీతంలో కోతగా లెక్కేస్తే నేనెందుకు ఒప్పుకోవాలి?

డబ్బు గురించి కూడా మనవాళ్లకు చాలా అపోహలున్నాయి. పదేళ్లు నిండకుండా మానేస్తే పీఎఫ్ పెన్షన్ పోతుందని మా స్టాఫ్‌రూమ్‌లో అందరి నమ్మకం. పదేళ్లంటే ఒకే చోట పదేళ్లు కాదు. కొత్త చోట కూడా అదే యూఏఎన్ (ఎక్కడ చేరినా మారని మన పీఎఫ్ నంబరు) ఇచ్చి పాత ఖాతా బదిలీ చేసుకుంటే సర్వీసు కలుస్తుంది. డబ్బు మొత్తం డ్రా చేసుకుని పోయేవాళ్లే నష్టపోతారు. గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసు లెక్కన యాజమాన్యం ఇవ్వాల్సిన డబ్బు, టీచర్లకు రాదన్నది ఇంకో మాట. 2004లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది నిజమే. కానీ 2009లో చట్టం సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకు వర్తించేలా చేశారు. ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెక్కితే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఐదేళ్లు నిండినవాళ్లు చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించుకోండి. నా బేసిక్ 22 వేలు, డీఏ లేదు. తొమ్మిదేళ్లకు లక్షా పద్నాలుగు వేలు దాటుతుంది. అది మన కష్టార్జితం, మానేసేటప్పుడు దయగా ఇచ్చేది కాదు.

ఒక సోమవారం కాగితం రాసిచ్చాను. పాస్‌పోర్టుకనో, లోనుకనో అబద్ధం రాయలేదు. నా ఒరిజినల్స్ నాకు కావాలి అని మాత్రమే రాసి, ఇంకో కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకున్నాను. పోతున్నారా అని అడిగారు. ఇంకా అనుకోలేదన్నాను, అది నిజమే. పది రోజులు తిప్పారు. రోజూ క్లాసులయ్యాక ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాను. చివరికి శుక్రవారం ఇచ్చారు.

ఈ ఏడు సెకండియర్ పిల్లల పరీక్షలయ్యే దాకా ఉంటాను. ఎండల్లో అడ్మిషన్లకు మాత్రం తిరగనని చెప్పేశాను. బెంగళూరు వాళ్లకు జూన్‌లో అయితే వస్తానన్నాను. ఆగితే ఆగుతారు, లేకపోతే ఇంకోటి చూసుకుంటాను.

ఆ కవరు ఇంటికి తెస్తే మా నాయన ఒక్కొక్క కాగితం తీసి వెలుతురులో పట్టి చూశాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు, నా పేరు ఎక్కడుందో అడిగి దానిమీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత తన పాస్‌బుక్కు పెట్టుకునే ఇనప పెట్టెలో పెట్టి తాళం చెవి నా చేతికిచ్చాడు. ఆయన పాస్‌బుక్కు ఇంకా బ్యాంకులోనే ఉంది.