ఇదీ ఒక ఎండాకాలమేనా?

ఏప్రిల్ సగం దాటింది. గుంటూరులో ఈపాటికి రోళ్లు పగిలే ఎండ ఉండాలి. ఏదీ? పొద్దున మబ్బు, సాయంత్రం జల్లు, రాత్రికి దుప్పటి! డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెడితే ఆరవు సరికదా, గుడ్డకి అతుక్కుని జిగురు. తీసి ఫ్యాన్ కింద పెట్టామా, ఎండొస్తుంది. మళ్లీ మెట్లెక్కామా, చినుకు! ఈ మోకాళ్లు ఎవరివనుకుంటోంది ఈ వాన? ఆవకాయకి కొన్న మిరపకాయలు మెత్తబడ్డాయి. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో కారం కొట్టించుకోలేకపోవడం ఏం ఖర్మండీ? కుండీలో మల్లె కూడా అంతే, ఆకులేసి ఊరుకుంది. దానికి వేడి తగలాలి మరి!

పైగా పక్కింటావిడ, "ఎంత చల్లగా, హాయిగా ఉందో కదా వదినా!" అంటుంది. హాయా? వడియాలు పెట్టని వాళ్లకి హాయే. వచ్చే నెల గిన్నె పట్టుకుని వస్తుందిగా, అప్పుడు చెబుతా.