నిలబడిన చామంతికి నష్టం రాయరు

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ హోరుకి మా బాత్రూం రేకు లేచిపోయి పక్కవాళ్ళ కొబ్బరిచెట్టు మొవ్వులో ఇరుక్కుంది. పెరట్లో చామంతులూ కనకాంబరాలూ బురదలో పడుకున్నాయి. 1996 నవంబరు తుపానుని చూసిన మా అమ్మకి ఇదో లెక్క కాదు. గాలి తగ్గగానే సరుగుడు పుల్లలు పాతి, పాత చీర చింపి, చామంతులన్నీ లేపి కట్టేసింది.

అదే మా కొంప ముంచింది.

నష్టం రాసుకోవడానికొచ్చిన కుర్రాడు ఫోను ఎత్తి, "ఇవి నిలబడే ఉన్నాయి కదండీ" అన్నాడు.

"మేం నిలబెట్టాం బాబూ."

"అలా కుదరదండి. ఫొటోలో పడిపోయినట్టు కనబడాలి."

కట్లు విప్పడానికి అమ్మ ససేమిరా అంది. "లేపినదాన్ని మళ్ళీ పడేయమంటాడేంట్రా!" చివరికి రాజీ ఏమిటంటే, నేను బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక చామంతి మెడ వంచి పట్టుకోవాలి. పట్టుకున్నాను.

"అలాగే ఉండండి, లొకేషన్ రావాలి."

ఫోనులో చక్రం తిరుగుతోంది. ఈలోగా చీమలు నా లుంగీలో వేరే సర్వే మొదలుపెట్టాయి. గోడ మీంచి పక్కింటి పిన్నిగారు, "ఏం పోయింది నాయనా, ఉంగరమా?" అని జాలిపడింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"లొకేషన్ గోదాట్లో చూపిస్తోందండి. కొంచెం ఎడమకి జరగండి."

నేను జరగగలను గానీ మొక్క ఎలా జరుగుతుంది? అయినా జరిగాను. కాలు జారింది. క్లిక్‌మంది.

"ఆయ్, ఇప్పుడొచ్చిందండి!"

ఫొటోలో చామంతి నిటారుగానే ఉంది. పడింది నేను.

అసలు సంగతి అప్పుడు చెప్పాడు మహానుభావుడు. పంట నష్టం రాయాలంటే ఈ-పంటలో, అంటే సర్కారువారి పంటల నమోదులో, ఎక్కి ఉండాలట, 33 శాతం పైగా దెబ్బతినాలట. పెరట్లో పూలు పంట కావట. బాత్రూం ఇల్లు కాదట.

"మరి నన్నెందుకు బురదలో కూలేశావయ్యా?"

"ఫొటో పెట్టకపోతే యాప్ తర్వాత పేజీకి వెళ్ళదండి."

బండి స్టార్ట్ చేయబోతూ ఆగి, "ఇంట్లో కార్తీక పూజండీ, నాలుగు చామంతులు కోసుకోనా?" అన్నాడు.

అమ్మ బుట్ట తెచ్చిచ్చింది.